కోటమ్మ వడ్డీలో కోత

సంక్రాంతి వెళ్ళి వారం అయింది. అది 2026 జనవరి. రాత్రి ఏడు గంటలకు మా చదువు కేంద్రంలో అందరూ చేరారు. నేను బోర్డు తుడుస్తున్నాను. కోటమ్మత్త గబగబా వచ్చింది. చేతిలో గుడ్డ సంచి ఉంది. సంచిలోంచి బ్యాంకు పాస్ బుక్కు తీసింది.

"అమ్మాయ్, ఇయ్యాల పాఠం తర్వాత. ముందు ఈ బుక్కు సంగతి చూడు" అంది.

"నేను చూడను అత్తా. నువ్వే చదువు. అందరం వింటాం" అన్నాను.

కోటమ్మత్త దీపం దగ్గరకు జరిగింది. అంకెల మీద వేలు పెట్టి చదివింది.

జూన్ 30. వడ్డీ 14,175 రూపాయలు.
సెప్టెంబరు 30. వడ్డీ 14,175 రూపాయలు.
డిసెంబరు 31. వడ్డీ 14,175 రూపాయలు.

"బాగా చదివావు. ఇంకేంటి?" అన్నాను.

"ఇంకేంటేంది? మూడు నెలలకోసారి 15,750 వస్తాయని బ్యాంకులో చెప్పారు. నేను గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నా. ప్రతిసారీ 1,575 తక్కువ పడింది. నా డబ్బు ఎవరు తిన్నారు?"

ఈ డబ్బు సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. కోటమ్మత్త భర్త ఒక కంపెనీలో వాచ్ మన్ గా చేసేవాడు. జబ్బు చేసి పోయాడు. ఇన్సూరెన్సు డబ్బు 5 లక్షలు వచ్చింది. పి.ఎఫ్. డబ్బు 4 లక్షలు వచ్చింది. మొత్తం 9 లక్షలు. 2025 ఏప్రిల్ లో ఆ డబ్బును బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసింది. వడ్డీ నూటికి ఏడాదికి 7 రూపాయలు. కూతురు నర్సు ట్రైనింగ్ చదువుతోంది. ఆ వడ్డీయే ఆ పిల్ల ఫీజు.

"బజారులో ఒకతను కనపడ్డాడు. అది ఇన్ కం టాక్స్ కోత అన్నాడు. సగం తనకిస్తే మిగతా సగం తెప్పిస్తానన్నాడు. పాన్ కార్డు, ఏటీఎం కార్డు ఇమ్మన్నాడు. రేపు ఇస్తానని చెప్పొచ్చా" అంది.

"ఇవ్వలేదు కదా అత్తా?"

"ఇంకా ఇవ్వలేదు."

"అయితే ఇయ్యాల పాఠం ఇదే. ఈ లెక్క తేలేదాకా ఎవరూ లేవొద్దు" అన్నాను.

ఆ రాత్రి మేం నేర్చుకున్నదే ఈ పాఠం. పేర్లు మాత్రం మార్చాను.

పన్నులు ఎన్ని రకాలు?

"మనం కూలోళ్ళం. మనకు పన్నేంది?" అన్నాడు ఏసుబాబు బాబాయి.

నేను అడిగాను: "బాబాయ్, నిన్న సబ్బు కొన్నావా?"

"కొన్నా."

"అయితే నువ్వు పన్ను కట్టావు."

సబ్బు ధరలోనే జి.ఎస్.టి. అనే పన్ను కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22కు ముందు ఒంటి సబ్బు మీద ఈ పన్ను నూటికి 18 రూపాయలు. ఆ రోజు నుంచి నూటికి 5 రూపాయలు అయింది. కూలివాడు కొన్నా, కోటీశ్వరుడు కొన్నా ఒకే సబ్బుకు ఒకే పన్ను.

ఇంటి పన్ను వేరు. దాన్ని పంచాయతీకి కడతాం.

వృత్తి పన్ను వేరు. మన తెలుగు రాష్ట్రాల్లో నెల జీతం 15 వేలు దాటితే కోస్తారు. జీతం 15 వేలు దాటి 20 వేల వరకు ఉంటే నెలకు 150 రూపాయలు. 20 వేలు దాటితే నెలకు 200 రూపాయలు.

ఆదాయపు పన్ను వేరు. ఇది కొన్న వస్తువు మీద కాదు. ఏడాదిలో మనిషి సంపాదించిన దాని మీద వేస్తారు. తక్కువ సంపాదించేవాడికి పన్ను ఉండదు. ఎక్కువ సంపాదించేవాడు ఎక్కువ కట్టాలి. మన దేశంలో ఈ పన్ను 1860లో బ్రిటిషు వాళ్ళ కాలంలో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో మన పార్లమెంటు చట్టం చేసింది. 2025లో కొత్త చట్టం చేసింది. కొత్త చట్టం అమలయ్యేది 2026 ఏప్రిల్ 1 నుంచి.

ఈ పన్నును కేంద్ర ప్రభుత్వం వసూలు చేస్తుంది. అందులో రాష్ట్రాలకు కూడా వాటా ఉంది. రోడ్డు, బడి, ఆసుపత్రి, రేషను బియ్యం అన్నీ పన్నుల డబ్బుతోనే నడుస్తాయి. కట్టవలసినవాడు ఎగ్గొడితే మనకు నష్టం. కట్టనవసరం లేనివాడి దగ్గర కోస్తే అతనికి నష్టం. రెండూ తెలుసుకోవాలి.

మడికి నీళ్ళు పెట్టినట్టు

"మా పెద్దోడు హైదరాబాదులో కంపెనీలో చేస్తున్నాడు. జీతం పెరిగితే పన్నుకే పోతుందని భయపడుతున్నాడు" అంది సాలమ్మ పిన్ని.

ఇది చాలామందికి ఉన్న భయం. దీన్ని పొలం లెక్కతో చెప్పుకుందాం.

కాలువ నుంచి మొదటి మడికి నీళ్ళు పెడతాం. మొదటి మడి నిండాకే నీళ్ళు రెండో మడికి పోతాయి. అది నిండాకే మూడో మడికి. ఆదాయం కూడా అంతే. ఒక్కో మడికి ఒక్కో పన్ను. పై మడికి ఉన్న పన్ను పై మడిలో పడిన డబ్బుకే. కింది మడిలో డబ్బుకు కాదు.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో మడులు ఇవి:

మొదటి 4 లక్షలు: పన్ను లేదు.
4 లక్షల నుంచి 8 లక్షల వరకు: నూటికి 5.
8 లక్షల నుంచి 12 లక్షల వరకు: నూటికి 10.
12 లక్షల నుంచి 16 లక్షల వరకు: నూటికి 15.
16 లక్షల నుంచి 20 లక్షల వరకు: నూటికి 20.
20 లక్షల నుంచి 24 లక్షల వరకు: నూటికి 25.
24 లక్షలు దాటినదానికి: నూటికి 30.

ఇంకో రెండు మాటలు గుర్తు పెట్టుకోండి.

ఒకటి: జీతగాళ్ళకు జీతంలోంచి ముందే 75 వేలు తీసేస్తారు. మిగిలినదానికే లెక్క.

రెండు: జీతం, వడ్డీ వంటి మామూలు ఆదాయం ఏడాదికి 12 లక్షల లోపు ఉంటే, మడుల లెక్కలో వచ్చిన పన్నును కూడా మాఫీ చేస్తారు. కట్టేది సున్నా.

సాలమ్మ పిన్ని కొడుకు జీతం నెలకు 65 వేలు. ఏడాదికి 7,80,000. అందులో 75,000 తీసేస్తే 7,05,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. మిగిలింది 3,05,000. దానికి నూటికి 5 చొప్పున 15,250. ఆదాయం 12 లక్షల లోపే కనుక ఆ 15,250 మాఫీ.

"అయితే మావోడు ఏమీ చెయ్యక్కర్లేదా?" అంది పిన్ని.

చెయ్యాలి. ఆదాయం 4 లక్షలు దాటింది. పన్ను సున్నా అయినా ఏటా లెక్క చూపాలి. ఆ లెక్క కాగితాన్నే రిటర్న్ అంటారు.

మరి ఏడాదికి 15 లక్షల జీతం వచ్చేవాడి సంగతి? 75 వేలు తీస్తే 14,25,000. ఇది 12 లక్షలు దాటింది. మాఫీ లేదు. అన్ని మడులూ లెక్కించాలి.

రెండో మడిలో 4 లక్షలకు: 20,000.
మూడో మడిలో 4 లక్షలకు: 40,000.
నాలుగో మడిలో 2,25,000కు: 33,750.
మొత్తం: 93,750.
ఈ పన్ను మీద సెస్సు నూటికి 4 చొప్పున: 3,750.
కట్టవలసింది: 97,500.

చూశారా? అతని డబ్బు నాలుగో మడి దాకా వెళ్ళింది. అయినా మొత్తం జీతానికి నూటికి 15 పడలేదు. 12 లక్షలకు కొద్దిగా దాటినవారికి కూడా కొంత సర్దుబాటు ఉంది. కాబట్టి జీతం పెరిగితే నష్టం అనే మాట నమ్మకండి.

పాత పద్ధతి అని ఇంకొకటి కూడా ఉంది. అందులో మొదటి రెండున్నర లక్షలకే పన్ను ఉండదు. కాని ఇన్సూరెన్సు, పి.ఎఫ్., ఇంటి అప్పు వంటివి చూపి ఆదాయం తగ్గించుకోవచ్చు. రెండు పద్ధతులూ వేసి చూసుకుని తక్కువ వచ్చేదాన్ని ఎంచుకోవాలి.

ఏది ఆదాయం? ఎవరి ఆదాయం?

"మాకు రెండెకరాల వరి ఉంది. దానికి?" అని అడిగాడు ఏసుబాబు బాబాయి.

సొంతంగా గాని, కౌలుకు గాని పండించిన పంట మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం. దానికి ఆదాయపు పన్ను లేదు. కాని గేదె పాలు అమ్మిన డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు. కోళ్ళ ఫారం డబ్బు కూడా కాదు. వేరేవాళ్ళ పొలంలో చేసిన కూలి కూడా కాదు. అవి లెక్కలోకి వస్తాయి. అయితే మనలో ఎక్కువమందికి అవన్నీ కలిపినా 4 లక్షలు కావు. అందుకే పన్ను పడదు.

"మొగుడూ పెళ్ళాం ఇద్దరం సంపాదిస్తున్నాం. ఇద్దరిదీ కలుపుతారా?" అంది సాలమ్మ పిన్ని.

కలపరు. భర్త లెక్క భర్తది, భార్య లెక్క భార్యది. ఎవరి పాన్ కార్డు వారిది. ఎవరి 4 లక్షల మడి వారిది. కాని భర్త తన డబ్బును భార్య పేర వేస్తే, దాని వడ్డీ భర్త లెక్కలోనే పడుతుంది. మైనరు పిల్లల పేర డబ్బు వేస్తే, తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వారి లెక్కలో ఆ వడ్డీ కలుస్తుంది. పిల్లలు తమ కష్టంతో, తమ ప్రతిభతో సంపాదించుకుంటే అది వాళ్ళదే.

అమ్మానాన్నలు, తోబుట్టువులు ఇచ్చిన డబ్బుకు పన్ను లేదు. పెద్దలు పోయాక వారసత్వంగా వచ్చిన ఆస్తికి పన్ను లేదు. పెళ్ళిలో చదివించిన కట్నాలకు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పన్ను కట్టనక్కర్లేదు.

మరి కోటమ్మ డబ్బు ఎందుకు కోశారు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

భర్త పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బుకు పన్ను లేదు. పి.ఎఫ్. డబ్బుకూ లేదు. ఆ 9 లక్షలు అలాగే ఉన్నాయి. ఎవరూ తినలేదు. కాని బ్యాంకు ఇచ్చే వడ్డీ కొత్త ఆదాయం. అది ఏడాదికి 63,000.

బ్యాంకుకు ఒక నియమం ఉంది. ఒక మనిషికి ఏడాదిలో ఇచ్చే డిపాజిట్ వడ్డీ 50 వేలు దాటితే, బ్యాంకు నూటికి 10 చొప్పున ముందే కోసి ప్రభుత్వానికి కట్టాలి. 60 ఏళ్ళు నిండిన పెద్దలకు ఈ హద్దు లక్ష రూపాయలు. పాన్ నంబరు ఇవ్వనివారికి నూటికి 20 కోస్తారు.

ఈ కోతను ఇంగ్లీషులో మూడు అక్షరాలతో రాస్తారు: టి.డి.ఎస్. ఆ మూడక్షరాలు బోర్డు మీద ఇంగ్లీషులో రాశాను. అందరూ పలకల మీద దిద్దారు.

మూడు నెలల వడ్డీ 15,750. నూటికి 10 చొప్పున 1,575. మిగిలింది 14,175. పాస్ బుక్కులో అదే ఉంది. కోటమ్మత్త లెక్క సరిపోయింది.

"బ్యాంకు తినలేదన్నమాట. మరి గవర్నమెంటు తిన్నట్టేగా?" అంది అత్త.

లేదు. టి.డి.ఎస్. అంటే చివరి పన్ను కాదు. అది ముందు జమ. బ్యాంకుకు మన కూలి సంగతి, ఇంటి సంగతి తెలియవు. వడ్డీ ఒక్కటే చూసి కోస్తుంది. ఏడాది చివర మన మొత్తం లెక్క చూపాలి. పన్ను పడకపోతే ఆ జమ మనకే వాపసు వస్తుంది.

కోటమ్మత్త లెక్క వేశాం.

వడ్డీ: 63,000.
కూలి: సుమారు 70,000.
మొత్తం: 1,33,000.

ఇది 4 లక్షల లోపే. పాత పద్ధతిలోని రెండున్నర లక్షల లోపే. కట్టవలసిన పన్ను సున్నా. అప్పటికి కోసింది మూడుసార్లు 1,575, అంటే 4,725 రూపాయలు. ప్రతి రూపాయీ ఆమెదే.

కోటమ్మత్త ఆ అంకెను పలక మీద రాసుకుంది. కింద రెండు గీతలు గీసింది.

రెండు పనులు

మొదటి పని: ఇక ముందు కోయకుండా చూడటం.

నా మొత్తం ఆదాయానికి పన్ను పడదు, వడ్డీలో కోయవద్దు అని బ్యాంకుకు రాసి ఇచ్చే ఫారం ఉంది. 2025-26లో 60 ఏళ్ళ లోపు వారికి దాని పేరు 15జి. అరవై నిండినవారికి 15హెచ్. కొత్త చట్టంతో ఫారాల నంబర్లు మారతాయి. అందుకని బ్యాంకులో "వడ్డీలో పన్ను కోయవద్దని ఇచ్చే ఫారం" అని అడగండి. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. పాన్ నంబరు మాత్రం తప్పక రాయాలి. ఏటా ఏప్రిల్ లోనే కొత్తగా ఇవ్వాలి. రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు ఉంటే రెండు చోట్లా ఇవ్వాలి. ఆదాయం నిజంగా తక్కువ ఉన్నవారే ఇవ్వాలి. అబద్ధం రాసి సంతకం పెడితే నేరం.

ఇది విని కోటమ్మత్త సంచిలో వెతికింది. మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది. డిపాజిట్ వేసిన రోజు బ్యాంకులో ఇచ్చిన కాగితం అది. పైన 15జి అని ఉంది. తొమ్మిది నెలలుగా దేవుడి పటం వెనక ఉందట.

"అప్పుడు నాకు చదవటం రాదుగా" అంది మెల్లగా. ఎవరూ నవ్వలేదు.

రెండో పని: కోసిన డబ్బు వాపసు తెచ్చుకోవటం.

దానికి రిటర్న్ ఇవ్వాలి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒక ఆర్థిక సంవత్సరం. అది ముగిశాక లెక్క చూపాలి. జీతగాళ్ళకు, కోటమ్మత్త వంటివారికి గడువు మామూలుగా జులై 31. అది తప్పితే డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్న్ ఇవ్వచ్చు. అదీ దాటితే వాపసు రావటం చాలా కష్టం.

కావలసినవి ఇవి:

పాన్ కార్డు. అది ఆధార్ తో కలిపి ఉండాలి.
ఆధార్ కు కలిపిన ఫోను నంబరు.
బ్యాంకు పాస్ బుక్కు.
బ్యాంకు ఇచ్చే టి.డి.ఎస్. సర్టిఫికెట్టు.

ఆదాయపు పన్ను శాఖ వెబ్ సైటులో రిటర్న్ ఇవ్వటానికి ఫీజు లేదు. చిన్న ఆదాయం వారి ఫారం పేరు సహజ్. రిటర్న్ ఇచ్చిన 30 రోజుల లోపు అది నాదే అని ఆధార్ ఓటీపీతో ఖాయం చెయ్యాలి. ఇది మరిచిపోతే రిటర్న్ ఇచ్చినట్టు కాదు. వాపసు డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎవరి చేతికీ పోదు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పక్కన కూర్చుని చేయించుకోండి. నెట్ సెంటరులో చేయిస్తే ఆ పనికి కూలి ఇవ్వండి. వాటా మాత్రం ఇవ్వకండి.

జాగ్రత్త

పాన్ కార్డు నకలు ఎవరికి పడితే వారికి ఇవ్వకండి. కూలీల పాన్ కార్డులతో దొంగ వ్యాపారాలు పెట్టిన సంగతులు పత్రికల్లో వచ్చాయి. కోట్ల రూపాయల పన్ను కట్టమని కూలివాళ్ళ ఇంటికి నోటీసులు వచ్చాయి. నకలు ఇవ్వాల్సి వస్తే, దాని మీద ఎందుకు ఇస్తున్నారో రాసి, తేదీ వేసి ఇవ్వండి.

ఏటీఎం కార్డు, పిన్ను నంబరు ఎవరికీ ఇవ్వకండి. వాపసు వచ్చింది, ఇక్కడ నొక్కండి అని ఫోనుకు వచ్చే సందేశాలు నమ్మకండి. ఆదాయపు పన్ను శాఖ ఫోనులో పిన్ను నంబరు అడగదు.

తర్వాత ఏమైంది?

మర్నాడు కోటమ్మత్త బజారులో అతన్ని కలవలేదు. కూతురిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళింది. ఫారం నింపింది. వేలిముద్ర స్టాంపు పెట్టె ముందుకు జరిపితే, పక్కకు నెట్టి పెన్ను అడిగింది. కో-ట-మ్మ అని మూడక్షరాలు రాసింది. ఫారం అందినట్టు రసీదు అడిగి తీసుకుంది.

మార్చి 31న పాస్ బుక్కులో 15,750 పడింది. కోత లేదు.

పాత 4,725 రూపాయలకు రిటర్న్ వెయ్యాలి. కాగితాలన్నీ ఒక కవరులో పెట్టింది. కవరు మీద తనే రాసింది: "జులై 31 లోపల." ఆ కవరు ఇప్పుడు దేవుడి పటం వెనక లేదు. రోజూ కనపడేలా తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది.

కొత్త మాటలు

ఆర్థిక సంవత్సరం: ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు.
టి.డి.ఎస్.: డబ్బు మన చేతికి రాకముందే కోసి కట్టే పన్ను.
రిటర్న్: ఏడాది ఆదాయం లెక్క చూపే కాగితం.
రిఫండ్: ఎక్కువ కోసిన పన్ను వాపసు.
పాన్: ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే పది అక్షరాలు, అంకెల గుర్తు. ముందు ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం.

చెప్పండి

1. కోటమ్మ వడ్డీలో బ్యాంకు ఎందుకు కోసింది?
2. పాలు అమ్మిన డబ్బు వ్యవసాయ ఆదాయమా?
3. భార్యాభర్తల సంపాదన కలిపి లెక్క వేస్తారా?
4. బజారులో అతనికి కోటమ్మ కార్డులు ఇచ్చి ఉంటే ఏమయ్యేది?

లెక్క చెయ్యండి

వీరయ్యకు 64 ఏళ్ళు. బ్యాంకులో 10 లక్షల డిపాజిట్ ఉంది. వడ్డీ నూటికి 7. ఏడాదికి వడ్డీ ఎంత? బ్యాంకు పన్ను కోయాలా? ఎందుకు?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న పాస్ బుక్కు తీయండి. పోయిన ఏడాది పడిన వడ్డీ చూడండి. టి.డి.ఎస్. అనే అక్షరాలు ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే ఆ పేజీతో కేంద్రానికి రండి. కలిసి చదువుదాం.